వంశచరిత్రలు: సాక్ష్యవిచారము

తమ యింటి పూర్వుల పేళ్లను వెదకి వంశవృక్షములను వ్రాయించు ఆసక్తి యిటీవల మన నగరమున మిక్కిలి ప్రబలినది. నల్లకుంట, చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగరు ప్రాంతములలో నివసించు కుటుంబములలో పెక్కు మూడు నాలుగు తరములకు వెనుక ఏదో యొక పల్లెను విడిచి వచ్చినవే. కొందరు తెలంగాణపు జిల్లాలనుండియు, కొందరు కృష్ణా గుంటూరు గోదావరీ మండలములనుండియు, మరికొందరు రాయలసీమనుండియు చదువునకో కొలువునకో వచ్చి యిచట నిలిచిపోయిరి. పల్లెలోని యిల్లు కూలినది. భూమి చేతులు మారినది. ఊరి పేరు ఇంటిపేరునందు మాత్రము మిగిలినది. అట్టి కుటుంబములవారు తమ వంశచరిత్రలను అచ్చొత్తించి పెండ్లిండ్లలోను షష్టిపూర్తి మహోత్సవములలోను బంధువులకు పంచిపెట్టుచున్నారు.

ఈ పుస్తకములు విమర్శకుల కంటబడుట యరుదు. అయినను ఇవియు నొక వాఙ్మయశాఖయే. వీనికొక సంప్రదాయము కలదు, గుణదోషములు కలవు, అన్నిటికంటె మించి ప్రయోజనము కలదు. ఒకసారి అచ్చుపడిన వంశవృక్షమును మరునాటి పిల్లలు ప్రమాణమనియే నమ్ముదురు. అందులేని పూర్వుడు లేనివాడే యగును. అందు కల్పింపబడినవాడు నిజముగ జీవించినవాడగును. కావున వీనికి మూలములైన ఆధారములను తూచి చూచుట యవసరమని తలచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాను.

ఈ వంశచరిత్రల కన్నిటికి నొక పోలిక యున్నది. మొదట గోత్రఋషి వర్ణన. పిదప నొక రాజాస్థానమున మంత్రిగానో, దండనాయకుడుగానో, అగ్రహారప్రతిగ్రహీతగానో యుండిన మూలపురుషుడు. ఆ మూలపురుషునకును ఇప్పటివారి ముత్తాతకును నడుమ మూడు నాలుగువందల యేండ్ల యెడము. ఆ యెడమును పూరించుటకు 'వీరి సంతతివారు కాలక్రమమున అనేక గ్రామములకు వ్యాపించిరి' అను వాక్యమొకటి. అటుపై ముత్తాత మొదలు పేళ్లు, సంతానము, ఉద్యోగములు. మొదటి భాగము పురాణము; కడపటి భాగము చరిత్ర; నడుమనున్న వాక్యము రెంటిని కలిపి కుట్టిన దారము. చదువరులకు మొదటి భాగము మీదనే మోజు. కాని విలువగలది రెండవది.

మొదటి భాగమును వ్రాసినవారు అబద్ధమాడిరని నేను చెప్పబోను. మన దేశమున వంశమును వ్రాయుట అనునది పూర్వులను స్మరించుటకై మాత్రమే పుట్టిన పని కాదు. ఒక హక్కును నిలుపుకొనుటకై పుట్టినది. సింహాసనమునకో, మాన్యమునకో, కరణికమునకో, సభలో తాంబూలమునకో, ఏదో యొకదానికి తాను అర్హుడనని చెప్పుకొనుటకు మనుష్యుడు తన వంశమును చెప్పుకొనెను. కావున ఏ వంశావళి చేతబడినను మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న యిది: ఇది యెవరి యెదుట, ఏ హక్కునకై, చెప్పబడినది? ఈ ప్రశ్నను రాజవంశములనుండి సామాన్యకుటుంబములవరకు అన్నిటికిని సమానముగ వేయవలెను.

తూర్పు చాళుక్యుల తామ్రశాసనములను చూతము. పూర్వశాసనములలో వారు మానవ్యసగోత్రులమనియు హారీతీపుత్రులమనియు మాత్రమే చెప్పుకొనిరి. పిమ్మట రాజుల పేళ్లను, ఒక్కొక్కని పరిపాలనకాలమును వరుసగ చెప్పిరి. కుబ్జవిష్ణువర్ధనుడు 18 ఏండ్లు, జయసింహుడు 33 ఏండ్లు, ఇంద్రభట్టారకుడు 7 దినములు. ఈ లెక్కలను కూర్చియే ఫ్లీటు పండితుడు 19వ శతాబ్ది చివర ఆ రాజుల కాలనిర్ణయము చేయగలిగెను. ఏడు దినములు మాత్రమేలిన రాజును కల్పించుటవలన నెవ్వరికిని లాభము లేదు. అట్టి మాట శాసనమున నిలిచియుండుటయే దాని సత్యమునకు గుర్తు.

ఇక 11వ శతాబ్ది ఆదిని విమలాదిత్యుని రణస్తిపూండి శాసనమునకు వత్తము. అప్పటికి వంశము వెనుకకు మిక్కిలి పెరిగినది. బ్రహ్మ, చంద్రుడు మొదలు పాండవుల మీదుగ దిగివచ్చి, అయోధ్యలో 59 మంది చక్రవర్తులు సింహాసనమధిష్ఠించిరనియు, విజయాదిత్యుడు దక్షిణాపథమును జయింపవచ్చి త్రిలోచనపల్లవునితోడి పోరున మడిసెననియు, గర్భవతియైన యాతని రాణి ముడివేము అగ్రహారమున విష్ణుభట్టసోమయాజి యింట విష్ణువర్ధనుని కనెననియు నొక కథ యేర్పడినది. నాలుగువందల యేండ్లు వంశజులకు తెలియని పూర్వులు పిదప నెట్లు తెలిసిరి? కాలము గడచినకొలది పూర్వులు మరుగుపడుట లోకసహజము. ఇచట కాలము గడచినకొలది పూర్వులు పెరిగిరి. అప్పటికి తూర్పు చాళుక్యులు చోళులతో సంబంధబాంధవ్యములు నెరపుచుండిరి. సూర్యవంశ్యులమనుకొనువారితో వియ్యమందు నప్పుడు చంద్రవంశ్యులమనుట శోభాకరము. రాజరాజనరేంద్రుడు 1022లో పట్టాభిషిక్తుడై తన వంశ్యులైన పాండవుల చరితమును తెలుగున రచింపుమని నన్నయభట్టారకుని కోరుటకు పూర్వరంగమిదియే. ఆంధ్రమహాభారతము మనకు దక్కుటకు నొక వంశావళి తోడ్పడినదనిన నది దాని భాగ్యము, మన భాగ్యము. అయినను ఆ వంశావళి చరిత్ర కాజాలదు.

కాకతీయుల విషయమున సాక్ష్యములు ఒండొంటితో పోరాడును. గణపతిదేవుని మోటుపల్లి శాసనము 1244 నాటిది. సముద్రవర్తకులకు అభయమిచ్చు నా శాసనము కాకతీయులను సూర్యవంశమున చేర్చినది. అదే రాజులను బూదపురాది శాసనములు చతుర్థకులజులనియే చెప్పినవి. ఈ రెండవ మాట చెప్పినవారు కాకతీయుల శత్రువులు కారు, వారి కొలువుననే యున్న సామంతులు. ఆ మాటవలన నెట్టి హక్కును సాధింపవలసిన పని వారికి లేదు. అందరెరిగిన సంగతిని అలవోకగ చెప్పిరి. దేశాంతరవర్తకులు చదువుకొను శాసనమున సూర్యుడు కావలసివచ్చెను. ఇరుగుపొరుగువారు చదువుకొను శాసనమున నా యవసరము లేకపోయెను. అలవోకగ పడిన మాట ఆడంబరముగ పలికిన మాటకంటె నమ్మదగినది. మన పరిశోధన కిది మూలసూత్రము.

ఈ వంశమునకే చెందిన మరియొక శాసనము కలదు. గణపతిదేవుని సోదరియు, నతవాడి రుద్రుని భార్యయునగు మైలమ తన తల్లి బయ్యమ్మ పేర వెలసిన బయ్యారమున చెరువు త్రవ్వించి, ఆ సందర్భమున శాసనము వేయించినది. కాకతీయుల పూర్వులను వెన్నరాజు మొదలుకొని, ఒకే పేరుగల గుండరాజులను వేరువేరుగ విడదీసి, వరుసగ చెప్పిన శాసనమిదియే. పురుషులు వేయించిన ప్రశస్తులలో సూర్యుడు, మనువు, ఇక్ష్వాకువు నిండియుండగా, పుట్టినింటి తాతముత్తాతల నిజమైన వరుసను మనకిచ్చినది అత్తవారింటికి వెడలిన యాడుబిడ్డ. ఆమెకు సింహాసనముపై హక్కు లేదు. కావలసినది పుట్టినింటి జ్ఞాపకము. స్త్రీలను విడిచి వంశవృక్షములను గీయువారందరు ఈ శాసనము నొకమారు చదువవలెను.

రాజులనుండి కవులకు వత్తము. తెలుగు కావ్యముల అవతారికలు వంశచరిత్రకు గొప్ప గనులు. కృతిపతి వంశవర్ణనము, కవి వంశవర్ణనము లేని ప్రబంధమరుదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఆంధ్రకవుల చరిత్రమును రచించునప్పుడు వీనినే ముఖ్యాధారములుగ గైకొనిరి. ఇచటను పై సూత్రమే వర్తించును. తిక్కన వంశమును గూర్చి మనకు విపులముగ తెలిపినది కేతన దశకుమారచరిత్రము. తిక్కనకు కృతియిచ్చుచు కేతన యాతని తాతయగు మంత్రిభాస్కరుని, ఆతని కుమారులను, తండ్రి కొమ్మనను, తల్లి అన్నమను, పెదతండ్రి సిద్ధనను, సిద్ధన కొడుకగు మరియొక తిక్కనను పేర్కొనెను. గుణవర్ణనలు కృతిపతి మెప్పునకై వ్రాసినవి; వానిని సగము తగ్గించి చదువవలెను. కాని పేళ్లు, చుట్టరికములు కృతిపతి యెదుటనే, బంధువులందరు నెరిగియుండగనే చెప్పబడినవి. వానియందు తప్పు చెప్పుటకు వీలులేదు. ఒకే పద్యమున నొక పాదము నమ్మదగినదియు నొక పాదము నమ్మరానిదియు నుండవచ్చును. పద్యమునంతను నమ్ముటయు, అంతను త్రోసివేయుటయు రెండును విమర్శ కావు.

అదే యింట ఇద్దరు తిక్కనలుండుట గమనింపదగినది. తాత పేరు మనుమనికి పెట్టుట మన యాచారము. కాకతీయులలో బేతరాజు, ప్రోలరాజు, మరల బేతరాజు, మరల ప్రోలరాజు. నేటి వంశచరిత్రలలో నిరువురు వెంకటరామయ్యలు ఒకడైపోయి నూటయిరువదియేండ్లు బ్రదుకుట, లేక ఒకే సుబ్బయ్య ఇరువురై సంతానమును పంచుకొనుట తరచుగ కానవచ్చును. పేరు కలిసినంతమాత్రమున మనుష్యుడు కలిసినట్లు కాదు. పేరుతోపాటు తండ్రి పేరు, ఊరు, కాలము కలియవలెను. ఈ నాలిటిలో మూడైనను కలియనిచో సంబంధమును వ్రాయరాదు.

ఇక గ్రామచరిత్రలకు వత్తము. కర్నలు కాలిన్ మెకంజీ (1754-1821), ఆయనకు తోడ్పడిన కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు చేసిన మేలునకు తెలుగువారెన్నటికిని ఋణపడియుందురు. ఊరూర కరణములచేత వ్రాయించిన కైఫియత్తులు లేకున్నచో మన పల్లెల పూర్వచరిత్ర సగము మాసిపోయెడిది. బ్రౌనుదొర వీనికి ప్రతులు వ్రాయించి మరల కాపాడెను. కోస్తాజిల్లాలనుండి వచ్చిన యెన్నియో కుటుంబముల వంశచరిత్రలకు ఈ కైఫియత్తులే ఆధారము.

గుంటూరు మండలపు కైఫియత్తులలో పెక్కింట నొక వృత్తాంతము కనబడును. కాకతీయ గణపతిదేవుడు రాజ్యము చేయునపుడు ఆయన ప్రధానియైన గోపరాజు రామన్న శాలివాహనశకము 1067 రక్తాక్షినామ సంవత్సర భాద్రపద అమావాస్యనాడు, సూర్యగ్రహణసమయమున, నియోగులకు గ్రామకరణికపు మిరాశీల నిప్పించెనని దాని సారము. 'మా వంశమునకు కరణికము 1145లో వచ్చినది' అని వంశచరిత్రలలో వ్రాయుట దీనినిబట్టియే. ఈ తేదీని పరీక్షింతము. రక్తాక్షి క్రీ. శ. 1144-45లో వచ్చినది, శకవర్షమును వర్తమానముగ నెన్నినచో 1067తో సరిపోవును. కాని గణపతిదేవుడు 1199లో గాని రాజు కాలేదు. 1144 నాటికి అనుమకొండ నేలుచుండినది ఆయన తాత రెండవ ప్రోలరాజు. ఆతడు కల్యాణి చాళుక్యుల సామంతుడు. గుంటూరు సీమ యప్పుడు వెలనాటి చోడుల చేతిలో నుండెను. లేని రాజు తనది కాని సీమలో మిరాశీల నెట్లిచ్చును?

కొందరు దీనికి సమాధానము చెప్పవచ్చును. సంవత్సరచక్రము అరువదేండ్లకొకసారి తిరుగును గావున 1204-05 కూడ రక్తాక్షియే. అప్పుడు గణపతిదేవుడే రాజు. కావున శకాంకెలో మాత్రమే పొరపాటు జరిగినదని. ఇది తెలివైన మాట; కాని అంకెను దిద్దుట యొకటి, సాక్ష్యమును కనుగొనుట వేరొకటి. సంఘటనము జరిగినదని ముందే నమ్మినవాడు తేదీని సవరించును. విమర్శకుడు ముందు సంఘటనమునకు సాక్షి నడుగును. ఈ వృత్తాంతము ఊరూర ఇంచుమించు నొకే మాటలలో కనబడుట దాని బలమని తోచును గాని, నిజమునకు బలహీనతయే. పదిమంది సాక్షులు ఒకే వాక్యమును అక్షరము తప్పక చెప్పినచో వారు పదిమంది కారు, ఒక్కడే.

ఆ వాక్యము కరణములకేల కావలసివచ్చెను? 1802లో కుంపిణీ ప్రభుత్వము కరణముల నియామకమును గూర్చి నిబంధన చేసెను. మరికొన్ని యేండ్లకు మెకంజీ మనుష్యులు గ్రామములకు వచ్చి మీ వృత్తాంతము వ్రాసి యిండనిరి. వంశపారంపర్యమైన పదవిని క్రొత్త ప్రభుత్వము ఉంచునో తీయునో యని సంశయము గల కాలమున, అడుగవచ్చినవాడు ప్రభుత్వపు మనుష్యుడైనపుడు, తన హక్కు ఏడువందల యేండ్లనాటిదని కరణము చెప్పుకొనుట సహజము. ఆతనిని నిందింపనక్కరలేదు. అదే కరణము అదే పత్రమున ఊరిలో ఎన్ని చెరువులు, ఎన్ని గుళ్లు, ఏ దిక్కున ఏ హద్దు, తన తండ్రి కాలమున ఏ అమలుదారు వచ్చెను అను వానిని వ్రాసెను. కుటుంబచరిత్రకారుడు ఈ రెండవ భాగమును చదువవలెను. అచట ముత్తాతకు ముత్తాత దొరకవచ్చును. మొదటి భాగమున గోపరాజు రామన్న తప్ప మరెవ్వరును దొరకరు.

తెలంగాణపు కుటుంబములకు వేరొక చిక్కు కలదు. హైదరాబాదు రాజ్యపు దఫ్తరములు 1880వ దశకమువరకు పారసీకమునను, అటుపై ఉర్దూలోను నడచినవి. నల్లకుంటనుండి విద్యానగరము, ఉస్మానియా విశ్వవిద్యాలయము దాటి తార్నాకకు పోయినచో నచట రాష్ట్ర పురాభిలేఖాలయము కలదు. షాజహాను, ఔరంగజేబు కాలపు మొగలు పత్రములు మొదలు నిజాము ప్రభుత్వపు దఫ్తరములవరకు నందున్నవి. అరగంట ప్రయాణమున నింతటి నిధి యుండగా మన వంశచరిత్రకారులలో దానిని చూచినవారు కొలదిమంది. కారణము భాషయే. పారసీకలిపిలో హ్రస్వస్వరములను వ్రాయరు. శికస్తా వ్రాతలో చుక్కలను గూడ విడుచుట పరిపాటి. తెలుగు పేరు ఆ లిపిలో దిగి మరల తెలుగునకు వచ్చునప్పటికి గుర్తింపరానిదగును. ఉర్దూ పారసీకములను నేర్చిన మన తాతలు ఈ పత్రములను సులభముగ చదువగలిగిరి. మనము వారి మనుమలమని చెప్పుకొనుచు వారి వ్రాతను చదువజాలకున్నాము.

ఈ పత్రములకును మన ప్రశ్న వర్తించును. ఇనాములకు సంబంధించిన అతియాతు కాగితములలో వంశవృక్షములు విరివిగ దొరకును. ఇనాముదారుడు మరణించినపుడు విరాసత్తు విచారణ జరుగును. వారసులు 'శజ్రా' అను వంశవృక్షమును దాఖలు చేయుదురు. విచారణ ముగిసిన పిదప ముంతఖబు వెలువడును. ఇది హక్కునకై గీసిన వృక్షము గావున కొమ్మలను కొన్నిటిని నరికి గీయుట కలదు. దత్తపుత్రుడు, రెండవభార్య బిడ్డలు, దూరదేశమేగిన తమ్ముడు ఇందు మాయమగుదురు. కాని ఎదిరి పక్షమువాడు ఆక్షేపణ తెచ్చినచో ఆ మాయమైనవారందరు మరల బయటికి వత్తురు. కావున వివాదము లేని కాగితముకంటె వివాదమున్న కాగితము వంశచరిత్రకు మేలు. జ్ఞాతులు పోట్లాడుకొనిన యిల్లు చరిత్రకారునికి పండుగ.

భూమిపత్రములలో సేత్వారు, ఫైసలుపట్టీ, పహాణీలు ముఖ్యములు. పట్టాదారుల పేళ్లే సేత్వారున నుండును. 1954-55 నాటి ఖాస్రా పహాణీయందైతే పట్టాదారుతో పాటు వాస్తవముగ సాగుచేయువాని పేరును గలదు. 1950 నాటి కౌలుదారీ చట్టము ననుసరించి రక్షిత కౌలుదారుల పట్టికలును తయారైనవి. ఏ ప్రశస్తియందును ఏ యవతారికయందును పేరెక్కని సేద్యగానికి ఇచట పేరు దొరకినది. కాలగణనమున నొక జాగ్రత్త వలయును. ఫసలీ సంవత్సరమునకు 590 చేర్చిన ఇంచుమించుగ క్రీస్తుశక మగును. హిజరీ చాంద్రమానము గావున దానికట్లు ఒకే యంకెను చేర్చరాదు. ఈ రెంటిని కలగలిపి తండ్రికంటె కొడుకును ముందు పుట్టించిన వంశవృక్షములు లేకపోలేదు.

1984లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వంశపారంపర్య గ్రామోద్యోగములను రద్దుచేసినది. అది సామాజికముగ నవసరమైన మార్పే. ఒక్క కుటుంబము చేతిలో ఊరందరి భూముల లెక్క యుండుట క్షేమము కాదు. కాని నాటితో కరణముల, పట్వారీల యిండ్లలోని అటకలమీద నున్న పాత కవిలెలకు దిక్కులేకపోయినది. హక్కు పోయినపుడు దానిని కాపాడిన కాగితమునకు విలువ పోయినట్లు యజమానులు తలచిరి. నిజమునకు హక్కు పోయిన కాగితమే చరిత్రకు పనికివచ్చు కాగితము. దానిని దిద్దవలసిన యవసర మిక నెవ్వరికిని లేదు.

ఇంతవరకు చెప్పినవన్నియు వ్రాత గలవారి మాటలు. తెలుగుదేశమున నధికసంఖ్యాకులకు శాసనము లేదు, అవతారిక లేదు, ఇనాము లేదు. వారికి వంశము లేదా? కలదు, అది వేరొక చోట నున్నది. రెడ్లు, కమ్మవారు మున్నగువారి గోత్రములను వంశక్రమమును పిచ్చుకుంట్లవారు చెప్పుదురు. పద్మశాలీలకు కూనపులివారు, గొల్లలకు మందహెచ్చులవారు, ముదిరాజులకు కాకిపడగలవారు, మాదిగలకు డక్కలివారు. వీరిలో పలువురు చేర్యాల నకాషీలు వ్రాసిన పటమును వ్రేలాడదీసి కులపురాణమును గానము చేయుదురు. ఆ గానము నడుమ ఇంటింటి పూర్వుల పేళ్లను చెప్పి త్యాగము పుచ్చుకొందురు. వీరిని బిచ్చగాండ్రని తలచుట పట్టణవాసుల యజ్ఞానము. వీరు దాతృకులములకు దఫ్తరములు.

వీరి మాటయు హక్కుతో ముడిపడినదే. ఏ యింటి పేరు చెప్పిన నా యింటి త్యాగము తమకు రావలెను. కావున పెద్దయింటి పూర్వులను పెద్దచేసి చెప్పుట వీరియందును గలదు. జాంబపురాణమున ఆదిజాంబవుడు సృష్టికంటె ముందే పుట్టినవాడు. దీనిని విని నవ్వువారు కలరు. కాని అయోధ్యలో 59 మంది చక్రవర్తులు పాలించిరన్న చాళుక్యశాసనమును గంభీరముగ చదివి, ఆదిజాంబవుని కథను మాత్రము పుక్కిటిపురాణమని త్రోయుట విమర్శధర్మము కాదు. రెండును గౌరవమునకై చేసికొన్న వాదములే. రాగిరేకుమీద చెక్కినంతమాత్రమున నొకటి చరిత్ర కాదు. పటముమీద గీసినంతమాత్రమున వేరొకటి కట్టుకథ కాదు. రెంటికిని ఒకటే త్రాసు కావలెను. కాటమరాజు కథనే చూడుడు. నెల్లూరి మనుమసిద్ధితో పుల్లరి విషయమై జరిగిన పోరునందు ఖడ్గతిక్కన పాల్గొనెనని గొల్లలు పాడుకొందురు. కేతన పద్యములలో మనము చూచిన సిద్ధన కొడుకు తిక్కనయే యీతడు. పండితుని తాటియాకును గొల్లసుద్దియు ఒకే మనుష్యుని చూపుచున్నవి. ఒండొంటి నెరుగని యీ రెండు సాక్ష్యములు కలిసినపుడు కలుగు నమ్మకము వంద ప్రశస్తులవలన కలుగదు.

స్త్రీల మాట మైలమ శాసనముతో సూచించితిని. నేటి వంశవృక్షములలో స్త్రీ, 'ఫలానివాని భార్య' అనియో, 'ఇద్దరు కుమార్తెలు' అను సంఖ్యగనో మాత్రమే కానవచ్చును. పేళ్లు దొరకవని సంపాదకులు చెప్పుదురు. దొరకకపోవుటకు కారణము వెదకకపోవుటయే. తర్పణము విడుచు కుటుంబములలో తండ్రి, తాత, ముత్తాతలతోపాటు తల్లి, నాయనమ్మ, ఆమె అత్తగారి పేళ్లును, మాతామహాదుల పేళ్లును ఉచ్చరింపవలెను. ఏటేట నోటితో పలుకు పేళ్లను పుస్తకమున వ్రాయకపోవుట యాశ్చర్యకరము. తర్పణము లేని యిండ్లలో మనుమరాలికి పెట్టిన నాయనమ్మ పేరు, కోడలికి పుట్టింటినుండి వచ్చిన పసుపుకుంకుమల భూమి దస్తావేజు, పాత్రలమీద చెక్కించిన పొడి యక్షరములు సాక్ష్యములు కాగలవు.

కడపట మన పేటలనుగూర్చి నొకమాట. వంశచరిత్ర పల్లెతోనే ముగియునని తలచువారు నగరమున గడచిన తరములను విడుచుచున్నారు. పట్టణపు పేళ్లును సాక్ష్యములే. నల్లకుంట అను పేరు ఇచట నొక కుంట యుండినదని చెప్పుచున్నది. ఇండ్లు దాని జాడను కప్పివేసినను పేరు దానిని విడువలేదు. ఇచటి జ్వరముల వైద్యశాలను పెద్దలు కోరంటి దవాఖాన యనుట నేటికిని వినవచ్చును. 'క్వారంటైను' అను పరభాషాపదము జనుల నోట నలిగి కోరంటి యైనది. అంటురోగులను ఊరికి వెలుపల వేరుగ నుంచు చోటుగ నది మొదలైనదని ఆ యొక్క పదమే తెలుపుచున్నది. అనగా నాడు నల్లకుంట ఊరికి వెలుపలిది. 1908 నాటి మూసీ వరద, పిమ్మటి ప్లేగు, 1912లో నేర్పడిన నగరాభివృద్ధి సంస్థ, ఇవన్నియు జనులను పాత నగరపు ఇరుకునుండి వెలికి తెచ్చినవి. ఏ సంవత్సరమున ఏ వీథిలో ఇల్లు కొనిరి, ఏ బడిలో చదివిరి అను వానిని ఇప్పుడే వ్రాసియుంచినచో ముందుతరములకు మనమే మోటుపల్లి, మనమే బయ్యారము.

దీనికి మన నగరముననే యొక మేలైన మార్గదర్శి కలడు. తెలంగాణమున కవులు లేరన్న యాక్షేపణకు సురవరము ప్రతాపరెడ్డిగారు కోపముతో గాక గోలకొండ కవుల సంచికతో సమాధానము చెప్పిరి. 1934లో వెలువడిన యా సంచికలో 354 మంది కవులకు చోటు దొరకినది. ఊరూరనుండి తెప్పించి, ఉన్నదానిని ఉన్నట్లు ప్రకటించుటయే ఆయన వాదము. తరువాత 1949లో వెలువరించిన ఆంధ్రుల సాంఘికచరిత్రయందు ఆయన కావ్యములను చదివిన తీరు వంశచరిత్రకారులకు పాఠము వంటిది. అవతారికలలోని ప్రతాపములకంటె, కవి వేరొక పనిమీద పోవుచు చెప్పిన తిండి, బట్ట, ఆట, సంత, పన్నులను ఆయన యేరుకొనెను. అలవోకగ పడిన మాటకు విలువ కట్టినవాడాయన. అందువలననే ఆ గ్రంథమున రాజులకు మారుగ ప్రజలు కనబడుదురు.

కావున వంశచరిత్రలను వ్రాయువారికి నా మనవి యిది. తెలిసిన మూడు తరములను మొదట వ్రాయుడు. ప్రతి పేరునకును ఆ పేరెందు దొరకినదో ప్రక్కనే చూపుడు. స్త్రీల పేళ్లను పురుషుల పేళ్లతో సమానముగ వ్రాయుడు. ఇంట పనిచేసి బ్రదికిన కౌలుదారును, పాలేరును గూడ జ్ఞాపకముంచుకొనుడు. మీ పహాణీలోని రెండవ గడిలో నున్నది వారి తాతయే. ఎడము వచ్చినచోట ఎడమునే ఉంచుడు. మంత్రితోను దండనాయకునితోను దానిని నింపకుడు. అయోధ్య చక్రవర్తులు 59 మంది లేకున్నను తూర్పు చాళుక్యులకు లోటు రాదు. ఇంద్రభట్టారకుని యేడు దినములు చాలును. ముత్తాత ఒక పల్లెలో నాలుగెకరములు దున్నుకొని, ఒక పన్నురసీదుమీద వ్రేలిముద్ర వేసి పోయినవాడైనచో, ఆ వ్రేలిముద్ర ఏ తామ్రశాసనమునకును తీసిపోదు. అది యాతడు స్వయముగ వేసినది.